ఎవరింటికీ కాదు, కౌలాలంపూర్‌కే

మా ఎస్టేటు మేనేజరు దొరసాని నెలకోసారి కౌలాలంపూర్ వెళ్తుంది. శుక్రవారం కారెక్కుతుంది, ఆదివారం సాయంత్రం దిగుతుంది. ఎందుకమ్మా అంటే "రెస్టుకి" అంటుంది. ఎవరి పెళ్లి, ఎవరి పురుడు, ఎవరి చావు అని ఆవిణ్ని నిలదీసేవాళ్లు లేరు. అదే ఎస్టేటు బడిలో నేను పంతులమ్మను. తెల్లారకముందు కూలీల హాజరు గంటతో లేస్తాను, వదినతో పాటు వంట చూస్తాను, బళ్లో అరుస్తాను, సాయంత్రం మళ్లీ వంట. నాకు రెస్టు అక్కర్లేదా? ఈ మాట మనసులో చాలాకాలం నలిగింది. ఒకరోజు అన్నాల దగ్గర పైకే అనేశాను, బడి సెలవుల్లో నేనూ కౌలాలంపూర్ వెళ్లొస్తానని.

మా అన్నయ్య ఎస్టేటు ఆఫీసులో కిరాణి, అంటే గుమాస్తా. ముద్ద నోటి దగ్గరే ఆపి, "ఎవరింటికి?" అన్నాడు. ఎవరింటికీ కాదన్నాను. "మరి ఎవరి పెళ్లి?" ఎవరి పెళ్లీ కాదన్నాను. "అయితే ఏటికి?" ఊరికే అన్నాను. ఆ మాటతో ఆయనకు కోపం నషాళానికంటింది. ఆడది ఊరికే ఊరెళ్లడమేమిటి? అడవిలోని కమ్యూనిస్టుల మీద దొరలు ఎమర్జెన్సీ పెట్టినప్పటి నుంచి మా కూలీల ఇళ్ల లైన్ల చుట్టూ ముళ్లకంచె, గేటు, పొద్దుగూకితే కర్ఫ్యూ. రాత్రి బయట ఉండాలంటే ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతికి దొరతో చెప్పవలసినవాడు మా అన్నయ్యే. చివరికి చేయి కడుక్కుంటూ తీర్పు చెప్పాడు. "సరే ఎల్లు. గానీ నిన్ను ఎవులైనా తోడొచ్చి దిగబెట్టినారా, అదే ఆకరు. మరింక నీ పేరు దొర కాడ ఎత్తను." ఒక్కదాన్నే వెళ్లి, ఆదివారం గేటు మూసేలోపు ఒక్కదాన్నే తిరిగొస్తేనో అన్నాను. "వొస్తే ఏటికెల్తన్నావని నిన్నింకెప్పుడూ అడగను." వదిన ఆ రోజు నాకు పెరుగు రెండుసార్లు వేసింది.

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాను. ప్రయాణమంటే మనవాళ్లకు పులిహోర పొట్లం ఉండాలి కదా, వదిన లేచి కలిపి ఆకులో కట్టిచ్చింది. అడవిలో ఉన్నవాళ్లకు తిండి అందకూడదని వండిన అన్నం గేటు దాటనివ్వరన్న సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసీ కట్టింది, తెలిసీ సంచిలో పెట్టుకున్నాను. గేటు దగ్గర ఆడవాళ్లను సోదా చేసే తమిళామె పొట్లం బయటకు తీసి, "సోరు వెళియ పోగకూడాదు" అంది. అన్నం బయటకు పోకూడదు, సరే. పారేయమని గోతిని చూపించింది. నాకు ఒళ్లు మండింది. వదిన నిద్ర మానుకుని కలిపిన పులిహోరను గోతిలో వేయాలా? అన్నం గేటు దాటకూడదన్నారు గానీ గేటు దగ్గర తినకూడదనలేదు కదా అని తమిళంలోనే అడిగి, అక్కడే నిలబడి పొట్లం విప్పాను. వెనక తోట పనికి వెళ్లేవాళ్లు వరస కట్టి ఉన్నారు. కొందరు విసుక్కున్నారు, కొందరు నవ్వారు. ఒక్క మెతుకు మిగల్చకుండా తిని, ఖాళీ ఆకు ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఆకును తిరగేసి చూసి, తనూ నవ్వి, పొమ్మంది. మా ఎస్టేటు నుంచి వండిన అన్నం ఆ రోజు అలా గేటు దాటింది.

బగాన్ డాటో రోడ్డు మీద వచ్చే బస్సు హుటన్ మెలింటాంగ్ మీదుగా తెలుక్ అన్సన్ చేరుస్తుంది. టిక్కెట్టు డాలరు లోపే. దారిలో ఒకచోట పోలీసులు ఆపి అందర్నీ దింపుతారు, ఐడెంటిటీ కార్డు పైకే పెట్టుకోండి. మలాయి కానిస్టేబుల్ నా కార్డు చూసి, నా వెనక చూసి, "సోరాంగ్?" అన్నాడు. ఒక్కతివేనా అని. "సోరాంగ్" అన్నాను. తెలుక్ అన్సన్‌లో వంగిన గడియారపు గోపురం పక్కన కోపి తాగి స్టేషనుకు నడిచాను. కౌలాలంపూర్‌కు మూడో తరగతి టిక్కెట్టు నాలుగు డాలర్ల చిల్లర. ఈ బండి తాపా రోడ్ వరకే, అక్కడ దిగి దక్షిణానికి పోయే పెద్ద బండి ఎక్కాలి. ఎదురు సీటు తమిళ పెద్దాయన తమలపాకు నములుతూ "తనియావా?" అన్నాడు. అదే ప్రశ్న, భాష వేరు. అవునన్నాను. "అయ్యో పావం" అన్నాడు. నేను అరటిపండు వలుచుకుంటూ, కాళ్లు చాపుకుని, కిటికీలోంచి గనుల గుంటల్లో మెరిసే నీళ్లు చూస్తున్నాను. ఇందులో పాపమేముందో ఆయన్నే అడిగాను. ఆయన ఆకు దవడకు తోసి, తన పెళ్లాం ఇలా ఎప్పుడూ కాళ్లు చాపుకోలేదని చెప్పాడు.

సాయంత్రానికి కౌలాలంపూర్. ఆ స్టేషను గుమ్మటాలు చూసి రాజుగారి కోట అనుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఊరు నిజానికి చిన్నదే. నదులు రెండు, వాటి మధ్య దొరలు తమకోసం కట్టుకున్న ఆఫీసులు, క్లబ్బు, చర్చి, మైదానం. వాటి వెనకాల మనందరం. రాజధాని అంటే ఎంతో అనుకుంటాం గానీ, చెప్పులు గట్టివైతే ఒక్క రోజులో కాళ్లతోనే తిరిగేయవచ్చు. తెలుక్ అన్సన్‌లో ఒక టీచరమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఆడవాళ్ల హాస్టలుకు మూడు చక్రాల బేచాలో వెళ్లాను. నడిచినా పెద్ద దూరం కాదు. మంచం, దోమతెర, రెండు పూటల భోజనం కలిపి రోజుకు రెండు డాలర్లు. గది చిన్నది గానీ తలుపుకు లోపలి గడియ ఉంది. నా జీవితంలో నేను ఒక్కదాన్నే వేసుకున్న మొదటి గడియ అదే. వేసి, తీసి, మళ్లీ వేశాను.

అక్కడ అడుగుపెట్టే ముందే ఒక ఒట్టు పెట్టుకున్నాను. తెలుగు మాట్లాడకూడదు. ఎందుకో మీకు తెలియనిదా? మనవాళ్లు ఇద్దరు ఎక్కడ కలిసినా మొదటి మాట ఏ ఊరు, రెండో మాట ఇంటిపేరేమిటి. ఇంటిపేరు చెప్పామా, అయిపోయినట్టే. ఆ ఇంటిపేరుతో ఆ ఊళ్లో ఎవరున్నారో లాగుతారు, ఎవరో ఒకరు దొరుకుతారు, వాళ్లకు మనం ఏదో ఒక వరస అవుతాం. ఆ తర్వాత హాస్టల్లో పడుకుంటే వాళ్ల పరువు పోతుంది. సామాను వాళ్లే మోస్తారు, మన తరఫున సమాధానాలు వాళ్లే చెబుతారు, మనల్ని వాళ్లే ఇంటికి దిగబెడతారు. దిగబెట్టారా, నా కథ ముగిసినట్టే. అందుకే తమిళం, మలాయి, దొరసాని దగ్గర నేర్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు చాలనుకున్నాను. నా ఇంటిపేరు ఇక్కడా రాయను. రాస్తే చదివేవాళ్లలో కొందరు నాకు బంధువులైపోతారు.

శనివారం నాకు మెలకువ వచ్చేసరికి ఎండ దోమతెర మీదికి వచ్చేసింది. గంట లేదు, పొయ్యి లేదు, "పంతులమ్మా" అని పిలిచే గొంతు లేదు. లేవాలని లేదు కాబట్టి లేవలేదు. ఎంతో సేపటికి స్నానం చేసి లేక్ గార్డెన్‌కు నడిచాను. చెరువు చుట్టూ పచ్చిక, పెద్ద చెట్లు, బెంచీలు. దొరల పిల్లలను ఆడించే ఆయాలు తప్ప ఆడవాళ్లెవరూ ఖాళీగా కూర్చుని లేరు. నేను ఒక బెంచీ మధ్యలో, పక్కన ఇంకెవరికీ చోటు లేకుండా కూర్చున్నాను. గడ్డి కోసే మనిషి రెండుసార్లు నన్ను దాటి, మూడోసారి ఆగి, తమిళంలో ఎవరికోసం ఎదురు చూస్తున్నావమ్మా అన్నాడు. ఎవరికోసమూ కాదన్నాను. దారి తప్పావా అన్నాడు. తప్పలేదన్నాను. కొడవలి భుజాన వేసుకుని, "అయితే బాగుంది, ఉండు" అని వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో నా ప్రయాణాన్ని అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆయనే.

మధ్యాహ్నం దాటాక మైదానం వైపు వెళ్లాను. మెర్‌డెకాకు, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చే రోజుకు, ఇంకా కొన్ని వారాలే. వెదురు నిచ్చెనలెక్కి ఆఫీసు గోడల నిండా దీపాల తీగలు కడుతున్నారు. కొండ మీద కొత్త స్టేడియం పని హడావిడిగా సాగుతోందని బేచా అతను చెప్పాడు. మైదానానికి అటు పక్క క్లబ్బు వరండాలో దొరలు ఎప్పటిలాగే గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. ఇటు పక్క గట్టు మీద నేనూ కూర్చున్నాను, వాళ్లకు ఎదురుగానే, వేయించిన శనగల పొట్లంతో. ఆ శనగలమ్మే అతని ముఖం చూస్తే మనవాడేమోనని అనుమానం వచ్చి, మలాయిలోనే బేరం చేశాను. పొట్లం అయ్యేదాకా లేవలేదు. పెద్ద బాటిల్లో చల్లటి సోడా కొనుక్కుని అదీ అక్కడే తాగాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా సెలవు నా సొంతం, దానికి ఒక్కరి ఒప్పుదలా అక్కర్లేదు అనిపించింది, అనిపించినందుకు గర్వపడ్డాను.

ఆ గర్వం రాత్రి భోజనాల వేళకే దిగింది. హాస్టల్లో వంట చేసే మరియమ్మతో ముందు రోజు నుంచీ తమిళంలోనే మాట్లాడుతున్నాను. ఆమె నాకు పప్పు వడ్డిస్తుంటే పిల్లి ఒకటి గట్టు మీదికి దూకింది. "పో ఎదవా! దాకలో పడతావేటి?" అని గరిటెతో అదిలించింది. అచ్చంగా మా లైన్ల తెలుగు. నాకు నవ్వు ఆగలేదు. మరియమ్మ గరిటె దించి నన్ను చూసింది. "నవ్వినావు! తెలుగోలివా? ఓలమ్మ, నిన్నటేల నుంచీ నాతో తమిళం మాటాడిస్తన్నావా! మీ ఇంటిపేరేటి?" అంతే. బుద్ధి వద్దంటూనే ఉంది, నోరు చెప్పేసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆ ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పిందెప్పుడు కనుక? మరియమ్మ ముఖం వెలిగిపోయింది. "అయితే ఈ ఊరి సెంతుల్‌లో రైల్వే వర్క్‌షాపు సింహాద్రోలు మీవోలే గదా! మాది ఆల వీదే!" నేను లేచి ఆమె చేతులు పట్టుకున్నాను. అన్నయ్యతో ఏ మాట మీద వచ్చానో అంతా చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుని, "నాను సెప్పను, ఏసు మీద ఒట్టు" అంది.

ఆదివారం పొద్దున్న నేను సంచి సర్దుకుని దిగేసరికి ముందు గదిలో నెరిసిన మీసాల మనిషి, పక్కన ఇత్తడి కేరియరు. జేబుకు కాగితం జెండా గుచ్చుకుని ఉన్నాడు. సింహాద్రి. మా అన్నయ్య ఎప్పుడో ఒక పెళ్లిలో కలిసి, వయసు చూసి "అన్నా" అని పిలిచి వచ్చిన మనిషే. వంటింటి గుమ్మంలో మరియమ్మ తల వంచుకుని నిలబడింది. "నన్ను తిట్టకు తల్లీ. సుట్టాలుండగా నువ్వు హాస్టల్ కూడు తింతన్నావంటే నాకే మనసొప్పలేదు" అంది. సింహాద్రి లేచి నా సంచి అందుకున్నాడు. "ఇదేటమ్మా ఈ పని? మేము సచ్చిపోనామా? మీ అన్నకి నానేటి సమాదానం సెప్పాల? నడు, ఇంటికెల్దాం. మజ్జానం బండికి నానే వచ్చి గేటు కాడ దిగబెట్టి మరీ వస్తాను."

నేను సంచి వదల్లేదు. ఆయన ఒక పిడి లాగుతున్నాడు, నేను ఒకటి. మధ్యాహ్నం బండి అంటే కర్ఫ్యూ దాటినట్టే, గేటు దగ్గర తోడు అంటే నా మాట పోయినట్టే. దొర ఆఫీసులో నా పేరు మళ్లీ వినపడదు. చెరువు గట్టు బెంచీ కళ్ల ముందు మెదిలింది, పిడి ఇంకా గట్టిగా పట్టుకున్నాను. "నాను వొక్కతినే వచ్చినాను, వొక్కతినే ఎల్తాను" అన్నాను. "పెద్దోడిని సెప్తన్నాను, ఇనాల" అన్నాడు. అంటూనే, అలవాటు ఎక్కడికి పోతుంది, "అవునుగానీ, మీ నాన్న పేరేటి?" అన్నాడు. అప్పలస్వామి అన్నాను. "ఏ అప్పలస్వామి? ఆల అన్నదమ్ములు ఎంతమంది?" మా నాన్న ఆఖరివాడు, ఆయన పెదనాన్న కొడుకు పెద్దప్పడు అందరికంటే పెద్ద, అన్నదమ్ములంతా ఆయన్ని చూస్తే లేచి నిలబడేవారట, అని నాన్న చెప్పిన మాటే చెప్పాను. సింహాద్రి చేయి సంచి మీద సడలింది. "పెద్దప్పడా? పెద్దప్పడు మా తాత గదా!"

ఆయన పెదవులు కదులుతున్నాయి, వేళ్లు ముడుస్తున్నాడు. తాతకు మా నాన్న తమ్ముడు. అంటే ఆయన నాన్నకు నేను చెల్లెలిని. గుమ్మంలోంచి మరియమ్మే ముందు తేల్చింది. "ఓలమ్మో! అయితే ఈ పిల్ల నీకు మేనత్త గదా సింహాద్రీ!" నా వయసు ఆయన పెద్దకూతురి వయసు. అయితేనేం? వరస వరసే. నన్ను పట్టించిన ఇంటిపేరే నా చేతికి పగ్గాలిచ్చింది. నడుం నిటారుగా పెట్టి, బళ్లో వాడే గొంతు తీశాను. "సింహాద్రీ! మేనత్త మాటకి మేనల్లుడు ఎదురు సెప్తాడేటి? సంచి వొదులు." వదిలాడు. నెరిసిన మీసాల మనిషి వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. నేను వద్దనలేదు, వెనక్కి జరగలేదు. ఎదురుగా నిలబడి దీవించాను. మరియమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది.

కేరియరులో ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి ఉన్నాయి. అత్తగా అవి తినవలసిన బాధ్యత నాదేనని ఒప్పుకుని కూర్చుని తిన్నాను. బాగున్నాయి, నిజం చెప్పాలి. "టేసను దాకైనా రానా అత్తా?" అన్నాడు. వద్దన్నాను. "పోనీ ఈసారి వొచ్చినప్పుడు మా ఇంటికి వొస్తావా?" ఆ గొంతులో పెత్తనం పోయింది, పిలుపే మిగిలింది. "పిలిస్తే వొస్తాను. పట్టుకెల్తే రాను" అన్నాను. నేను వీధి చివర తిరిగేదాకా ఆయన నిలబడి చూశాడు గానీ, ఒక్క అడుగు వెనక రాలేదు.

తిరుగు ప్రయాణం అదే దారి, అవే బళ్లు. తాపా రోడ్‌లో మారే బండి ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరిగాను. తెలుక్ అన్సన్‌లో ఆఖరి బస్సుకు పరుగెత్తాను, చెప్పు తెగింది, చేత్తో పట్టుకుని ఎక్కాను. ఎస్టేటు గేటు దగ్గర దిగేసరికి పొద్దు ఇంకా కొబ్బరి తోట మీదే ఉంది. సోదా చేసే ఆమె సంచి తట్టి, తమిళంలో "ఈరోజు ఏమీ తినవా?" అని నవ్వింది. లోపల అన్నయ్య నిలబడి ఉన్నాడు. నా వెనక చూశాడు, బస్సు దుమ్ము లేపుకుంటూ పోయేదాకా రోడ్డంతా చూశాడు. "ఎవులు దిగబెట్టినారు?" "ఎవులూ లేరు." "సెంతుల్ అన్న కలిసినాడా?" కలిశాడు, అతను నీకు అన్న కాదు, కొడుకు వరస, ఈసారి కలిస్తే నువ్వే దీవించాలి అని చెప్పాను. అన్నయ్య అక్కడే వేళ్లు ముడుచుకుంటూ నిలబడిపోయాడు. నేను తెగిన చెప్పుతో ఇంటికి నడిచాను.

వదిన కొళాయి దగ్గర నాకోసమే ఉన్నట్టుంది. "రెస్టు అంటే ఏటి సేసినావు?" అంది. ఏమీ చేయలేదన్నాను. "పొద్దస్తమానం ఏటీ సెయ్యకుండా కూకున్నావా?" కూర్చున్నానన్నాను. బిందె నిండి పొర్లుతోంది, ఆమె చూసుకోలేదు. నా వైపు చూడకుండానే, "బస్సు ఏ మూల ఆగుతాది?" అని అడిగింది.

ఈ ప్రయాణంలో నేను చూసినవి పెద్ద విశేషాలేం కావు. ఒక చెరువు, ఒక మైదానం, గోడల మీద ఇంకా వెలగని దీపాలు. అయినా తిరిగొచ్చిన దగ్గర నుంచి నేను మారిన మాట నిజం. మన ఆడవాళ్లం ఎప్పుడో సముద్రాలు దాటి వచ్చిన కుటుంబాల వాళ్లం, కానీ గేటు దాటడానికి ఒక చావో పురుడో సాయం రావాలి. నేనిక సాకులు వెతకను. ఊరికే వెళ్తాను, ఊరికే వస్తాను, ఎవరడిగినా అదే మాట చెబుతాను. ఇలా బయలుదేరదామనుకునే ఆడవాళ్లకు ఒక్కటే సలహా. రైళ్ల వేళలు స్టేషనులో ఎవరైనా చెబుతారు, కానీ మీ వరసల లెక్క ఎవరూ చెప్పరు. గేటు దాటే ముందే మీ పుట్టింటి వైపు ఎవరికి ఎవరు ఏమవుతారో తాతల దగ్గర నుంచి నోటికి నేర్చుకోండి. మా వదిన ఇప్పటికే మూడు తరాలు అప్పజెప్పేస్తోంది.